అల్లుడికి టీకా

టైలరమ్మ కత్తెర చేతిలోకి తీసుకుందంటే గుడ్డ తెగాల్సిందే, ఒక మాట అనుకుందంటే ఆ పని జరగాల్సిందే. ఆ ఉదయం ఆమె అనుకున్నది చిన్న పనే. మధ్యాహ్నం భోజనాలలోపు ఇంట్లో ఉన్న మూడు పిల్లులకూ టీకాలు వేయించాలి. రెండు కుట్టుమిషన్ల మీదా గుడ్డలు కప్పేసింది. సాయంత్రం దాకా కొట్టు తెరవబోమని అట్టముక్క మీద రాసి తలుపుకి తగిలించింది. బుట్టలు రెండు దులిపి అడుగున పాత తువ్వాళ్ళు పరిచింది.

ఈ పట్టుదలకి కారణం లేకపోలేదు. వీధి మొదట్లో ఉన్న బేకరీ అతని నల్లపిల్లి ఏదో అంటుజబ్బు చేసి నాలుగు రోజుల కిందటే పోయింది. లుకేమియా అట, పిల్లి నుంచి పిల్లికి కాటువల్లా ఎంగిలివల్లా అంటుకుంటుందట. ఆ నల్లదానితో టైలరమ్మగారి పిల్లుల్లో ఒకటి ఒకరోజు కొట్లాడేది, మర్నాడు ఒకే గిన్నెలో తినేది. సంగతి తెలిసినప్పటినుంచి ఆమెకి ముద్ద దిగడం లేదు.

"మూడింటికీ ఒకటే సూది వేయించి వచ్చేస్తే పోలా?" అన్నాడు ఆమె భర్త, ఇస్త్రీపెట్టె పక్కకి పెట్టి. కుట్టడం ఆమె పని, గుండీలు కుట్టి ఇస్త్రీ చేసి మడతపెట్టడం ఆయన పని.

"మీ కొలతలతో మీ తమ్ముడికి చొక్కా కుడితే ఊరుకుంటాడా? ఎవరి ఒళ్ళు వాళ్ళది, ఎవరి బతుకు వాళ్ళది. ఏ పిల్లి ఎలా బతుకుతోందో చెప్తే దానికి తగ్గ టీకా వేస్తానంది డాక్టరమ్మ."

"మరి గుమ్మం దాటని తెల్లదానికి కూడా ఎందుకే?"

"అది గుమ్మం దాటదు సరే, మీ చెప్పులు దాటడంలా? కొన్ని జబ్బులు చెప్పులతో కూడా వస్తాయట."

ఆయన తన చెప్పుల వైపు కాస్త అనుమానంగా చూసి మళ్ళీ ఇస్త్రీలో పడ్డాడు.

తెల్లపిల్లి ముసలిది. గుడ్డల బీరువా మీద నుంచి దిగి, తిని, మళ్ళీ బీరువా ఎక్కుతుంది. దాని ప్రపంచం అంతే. చిట్టి మూడు నెలల కూన, ఇంకా తన తోకని చూసి తనే దడుచుకునే వయసు. మూడోది చారల పిల్లి, ఒడ్డూ పొడుగూ ఉన్న మగపిల్లి. దాని పేరు అల్లుడు.

ఈ పేరు పెట్టడంలో ఎవరినీ ఏమీ అనాలన్న ఉద్దేశం లేదు. కూతురి పెళ్ళిమాట ఎత్తని రోజుల్లోనే వాడు ఎక్కడినుంచో వచ్చి చేరాడు. సరిగ్గా వడ్డించే వేళకి వస్తాడు, ఇంట్లో ఉన్న ఒక్క మెత్తని కుర్చీ ఎక్కుతాడు, పెట్టింది తింటాడు, బాగుందనీ బాగాలేదనీ అనడు, లేచి పోతాడు. "అల్లుడు లేని లోటు తీర్చడానికొచ్చాడు" అని ఆమె నవ్వుతూ అన్నమాట పేరై కూర్చుంది. ఆ తర్వాత అసలు అల్లుడు వచ్చాడు.

అసలు అల్లుడు ఆడిటరు దగ్గర లెక్కలు చూసే ఉద్యోగి. రెండు వీధుల అవతల తల్లితోనూ భార్యతోనూ కాపురం. బొత్తిగా నోట్లో నాలుక లేని మనిషి. ఆయన్ని చూస్తే టైలరమ్మకి ప్రాణం లేచొస్తుంది, కానీ ఆయన మాట్లాడడు, మాట్లాడించడం ఈమెకి చేతకాదు. పెళ్ళయి ఏడాది కావస్తున్నా వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మాటలన్నీ కలిపితే ఒక పోస్టుకార్డు నిండదు. పిల్లి పేరు మార్చేద్దామని భర్త అన్నప్పుడు "పిల్లి ముందొచ్చింది" అని కొట్టిపారేసింది గానీ, అసలు అల్లుడు ఇంట్లో ఉన్నంతసేపూ పిల్లిని "అది" అనే అనేది. ఆ పేరు ఆయన చెవిన పడితే ఉన్న ఆ పోస్టుకార్డు చనువు కూడా పోతుందని ఆమె భయం.

ఇస్త్రీ ఆవిరి మధ్య నిలబడి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, బుట్ట మూతకి నాడా కుడుతూ డాక్టరమ్మతో మాట్లాడటం మొదలుపెట్టింది. తెల్లదాని సంగతీ చిట్టి సంగతీ అయిపోయాయి. సరిగ్గా అప్పుడే వియ్యపురాలు, అంటే అసలు అల్లుడి తల్లి, లోపలి గుడ్డ చిరిగిన కోటు ఒకటి పట్టుకుని మెట్లెక్కింది. తలుపు ఓరగా తెరిచే ఉంది. టైలరమ్మ వీపు అటు తిరిగి ఉంది.

"వాళ్ళిద్దరితో బాధలేదండీ. నా బెంగల్లా మా అల్లుడి గురించే," అంటోంది టైలరమ్మ. "వాడు ఇంటిపట్టున ఉంటే కదా! చీకటి పడితే చాలు, గోడ దూకుతాడు. ఎక్కడ తిరుగుతాడో, ఎవరెవరి దగ్గర తింటాడో! పొద్దున చూస్తే ఒళ్ళంతా రక్కులు... అబ్బే, పిల్లల గొడవ లేదండీ, ఆ ఆపరేషను ఎప్పుడో చేయించేశాం. అయినా తిరుగుడు మానలేదు... ఆఁ, రక్తపరీక్ష చేసేయండి. వాడికా జబ్బు ఉందో లేదో ఇవాళ తేలిపోవాలి. రానంటే సంచీలో కుక్కి తెస్తాను."

వెనక ఏదో పడిన చప్పుడైంది. టైలరమ్మ తిరిగి చూసేసరికి గుమ్మంలో కోటు ఉంది, మనిషి లేదు.

"వదినగారి కోటులా ఉందే. పలకరించకుండా పోయారే పాపం, ఏం తొందరో," అని దాన్ని మేకుకి తగిలించింది.

డాక్టరమ్మ చెప్పింది ఒక్కటే. మధ్యాహ్నం తను పక్క ఊళ్ళో శిబిరానికి వెళ్ళిపోతుంది, మళ్ళీ వారం దాకా రాదు. తీసుకొస్తే ఈలోపే తీసుకురావాలి. అల్లుడు చూడబోతే ఆ ఉదయం టిఫిను వేళకి రాలేదు. పుట్టి బుద్ధెరిగాక వాడు భోజనం తప్పిన రోజు లేదు. అయినా టైలరమ్మ చేతులు ఆగలేదు. తెల్లదాన్నీ చిట్టినీ చెరో బుట్టలో పెట్టి నాడాలు బిగించింది.

"నేను వీటిని తీసుకుని నడుస్తుంటాను. మీరు వాణ్ణి వెతికి పట్టుకురండి. వాడు లేకుండా మాత్రం రావద్దు," అని భర్త చేతిలో పాత దిండుగలీబు పెట్టింది.

ఆయన ఎలా వెతికాడన్నది తర్వాత నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. సొంత వీధిలో ఇబ్బంది లేకపోయింది, అక్కడ అల్లుడంటే ఎవరో పాలవాడికి కూడా తెలుసు. ఆయన వెతుక్కుంటూ రెండో వీధి దాటి మూడో వీధిలోకి వెళ్ళాడు. అక్కడి జనానికి తెలిసిన అల్లుడు ఆడిటరు ఆఫీసు అల్లుడొక్కడే.

"మా అల్లుడు కనబడ్డాడాండీ?" అని చెప్పులు కుట్టే అతన్ని అడిగాడు.

"లేదే. ఏమైందండీ?"

"ఇల్లు వదిలి పోయాడు. కనిపిస్తే మెడ వెనక గట్టిగా పట్టుకుని ఈ గలీబులో వేసేయండి. కరుస్తాడు, కాస్త చూసుకోండి. ఊపిరాడితే చాలు, పరవాలేదు."

చెప్పులు కుట్టే అతను ఆ గలీబు వైపు చూసి, ఇందులో మనిషి ఎలా పడతాడని అడగబోయి, పెద్దవాళ్ళ ఇంటి గొడవలు మనకెందుకని ఊరుకున్నాడు. ఊరుకున్నది అడగడం వరకే. తర్వాత వచ్చిన ప్రతి ఒక్కరికీ మాత్రం చెప్పాడు.

అక్కడ ఆసుపత్రిలో టైలరమ్మ పని చకచకా సాగింది. తెల్లదానికి మూడు జబ్బులకి కలిపి వేసే టీకా, రేబీసు టీకా వేశారు. గుమ్మం దాటదు గనక లుకేమియా టీకా దానికి అక్కర్లేదంది డాక్టరమ్మ. చిట్టికి మూడింటి టీకా వేసి, నెలలోపు మళ్ళీ తీసుకురమ్మంది. పెద్దయ్యాక ఇది ఏ దారి పడుతుందో తెలియదు గనక ఆ వచ్చినప్పుడే దానికి లుకేమియాది కూడా మొదలుపెడదామంది. టైలరమ్మకి ఈ పద్ధతి బాగా నచ్చింది. చిన్నపిల్లలకి కుట్టేటప్పుడు పెరుగుదలకి గుడ్డ వదలడం ఆమెకి తెలిసిన విద్యే.

"ఇంక మీ అల్లుడొక్కడే," అంటూ డాక్టరమ్మ గోడగడియారం చూసింది.

అంతలో ఫోను మోగింది. కూతురు. "అమ్మా, అసలేమన్నావు మా అత్తయ్యతో? ఒకటే ఏడుపు. ఆయనకేదో జబ్బట, నీకు తెలుసట. ఆఫీసుకి వెళ్ళి ఆయన్ని లాక్కొచ్చింది. చేతి మీద గీతలేంటి, రాత్రిళ్ళు పెరటి తలుపు తీసుకుని ఎక్కడికి పోతున్నావు అని నిలదీస్తే ఆయన నేల చూస్తున్నారు! నువ్వు ఏ డాక్టరు దగ్గరున్నావని అడిగింది, వీధి గుర్తులు చెప్పాను. ఇద్దరూ అటే వస్తున్నారు!"

"ఏ జబ్బు? ఎవరికి?" అని టైలరమ్మ అడిగేలోపే వీధి తలుపు బార్లా తెరుచుకుంది.

వియ్యపురాలు కొడుకు మణికట్టు పట్టుకుని లోపలికి వచ్చింది. బల్ల మీద కుక్కపిల్ల, పంజరంలో చిలక, గోడ మీద ఆవు బొమ్మ, వరసగా చూసింది. ఆమె ముఖం ఎర్రబడింది.

"పశువుల డాక్టరా! నా కొడుక్కి పశువుల డాక్టరా!"

లోపలి గదిలో డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది. గుమ్మంలో అలికిడి విని వెనక్కి తిరక్కుండానే కేకేసింది. "అల్లుడొచ్చాడా? బల్ల మీద పడుకోబెట్టి కదలకుండా పట్టుకోండి. రక్కుతాడనుకుంటే తువ్వాలు చుట్టేయండి."

అసలు అల్లుడు తలుపు వైపు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"వదినగారూ," అంది వియ్యపురాలు, కొడుకు మణికట్టు వదలకుండా. "మా ఇంట్లో ఏదైనా ఉంటే నాకు చెప్పాలి. వాడూ వీడూ అంటూ ఊరందరికీ ఫోన్లు చేస్తారా? నా కన్నబిడ్డని నేనైనా నలుగురిలో వాడనను! అయినా ఎవర్నడిగి ఆపరేషన్ చేయించారు? మనవణ్ణి ఎత్తుకుందామని నేను రోజులు లెక్కపెట్టుకుంటుంటే..."

"అమ్మా, నాకే ఆపరేషనూ జరగలేదు," అన్నాడు కొడుకు మెల్లగా.

"నీకు తెలియకుండా చేయించారేమోరా! నువ్వు నిద్రమొద్దువి!"

టైలరమ్మకి అప్పుడు తెలిసొచ్చింది. పొద్దున తను ఫోనులో అన్న ప్రతి మాటా ఒక్కొక్కటే తిరిగొచ్చి చెంప ఛెళ్ళుమనిపించింది. గోడ దూకడం, రక్కులు, ఆపరేషను. నిజం చెప్తే పిల్లి పేరు బయటపడుతుంది, అల్లుడుగారి ముఖం మళ్ళీ ఎలా చూడగలదు? చెప్పకపోతే ఈ గొడవ తెమలదు, డాక్టరమ్మ బస్సెక్కేస్తుంది, వారం దాకా పిల్లికి జబ్బుందో లేదో తెలియదు. ఆమె కొంగు విదిల్చి నడుముకి బిగించింది.

"అల్లుడుగారి గురించి కాదండీ. అల్లుడి గురించి. మా చారల పిల్లి పేరు అల్లుడు."

వియ్యపురాలు కొడుకు మణికట్టు వదిలేసింది.

"పిల్లికి మా అబ్బాయి పేరు పెట్టారా?" అంది వియ్యపురాలు.

"పేరు కాదండీ, వరస. అప్పటికి మీ సంబంధమే తెలియదు. ఊరికే, వడ్డించే వేళకి వస్తాడనీ, ఉన్న ఒక్క మంచి కుర్చీలో కూర్చుంటాడనీ, పెట్టింది తిని మంచీ చెడూ అనకుండా లేచి..." ఇక్కడికి వచ్చేసరికి తనేం అంటోందో ఆమెకి తెలిసింది. ఆదివారాలు అసలు అల్లుడు చేసేది అక్షరాలా అదే. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆమెకి ఏడుపొచ్చింది. "తప్పయింది బాబూ," అంది.

ఆయన ఏదో అనబోయాడు. అప్పుడే భర్త రొప్పుతూ లోపలికి వచ్చాడు. గలీబు చేతిలో గిలగిల్లాడుతోంది.

"దొరికాడే అల్లుడు! ఎక్కడనుకున్నావు? మన అమ్మాయి వాళ్ళ డాబా మీద! బుట్టలో మెత్తటి కోటు వేసుకుని మరీ పడుకున్నాడు!" అని, ఎదురుగా అల్లుణ్ణీ వియ్యపురాలినీ చూసి గతుక్కుమన్నాడు. చేతిపట్టు సడలింది. చారల పిల్లి గలీబులోంచి బాణంలా దూకి, కుక్కపిల్లని తొక్కి, చిలకని హడలగొట్టి, మందుల బీరువా నెత్తినెక్కి కూర్చుంది.

"అల్లుడూ, దిగు నాన్నా," అంది టైలరమ్మ. పిల్లి కదల్లేదు. అసలు అల్లుడే ఉలిక్కిపడ్డాడు.

భర్త కుర్చీ ఎక్కాడు. పిల్లి గోడమూలకి జరిగింది. డాక్టరమ్మ చీపురుకట్ట అందుకుని మళ్ళీ పెట్టేసింది. "భయపెడితే లాభం లేదు. నాకు బస్సు టైమవుతోందమ్మా, ఇంక వారం తర్వాతే చూద్దాం."

"వీల్లేదు డాక్టరుగారూ," అని టైలరమ్మ తనే బల్ల ఎక్కబోయింది. "ఇవాళ తేలాల్సిందే. అవసరమైతే బీరువా దింపిస్తాను."

అసలు అల్లుడు ఒకసారి తల్లిని చూశాడు, ఒకసారి అత్తగారిని చూశాడు, తర్వాత బీరువా పైకి చూశాడు. గొంతు సవరించుకున్నాడు. లెక్కల్లో తప్పు ఒప్పుకోవాల్సి వచ్చినవాడిలా ఉంది ఆయన వాలకం.

"అత్తగారూ, దిగండి," అన్నాడు.

బల్ల మీద ఒక కాలు పెట్టిన టైలరమ్మ దిగింది. "దిగాను బాబూ."

ఆయన ఆమె వైపు చూడలేదు. "రండత్తగారూ. ఎవరూ ఏమీ అనరు. నేనున్నాను కదా. దిగండి."

బీరువా మీద నుంచి మ్యావుమని ఒక బదులు వచ్చింది. చారల పిల్లి తాపీగా లేచి, ఒళ్ళు విరుచుకుని, ఆయన భుజం మీదికి దిగి, చెవి నాకింది.



"ఏమని పిలిచావురా దాన్ని?" అంది వాళ్ళమ్మ.

"నీకు పిల్లులంటే గిట్టదని చెప్పలేదమ్మా," అన్నాడు ఆయన. ఆయన ఏడాదిలో మాట్లాడనిదంతా ఆ గదిలో ఒక్కసారే బయటికొచ్చింది. "రోజూ చీకటి పడ్డాక వస్తుంది. పాలు పెడుతున్నాను. ఈ గీతలు దానికి పేలు తీస్తుంటే పడ్డవి. పేరంటే... చెప్పాపెట్టకుండా వస్తుందండీ. వచ్చి తిన్నగా వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మూతలన్నీ తీసి చూస్తుంది. ఏదీ నచ్చదు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి ఇల్లంతా ఒకసారి పరికించి, నిట్టూర్చి పోతుంది. అందుకని." అక్కడ ఆగాడు. "తప్పయిందండీ."

ఇస్త్రీ చేసే మనిషికి హఠాత్తుగా పొర పోయింది. ఆయన గోడవైపు తిరిగి గలీబుతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు మాత్రం ఊగుతూనే ఉన్నాయి.

"ఇది మగపిల్లి కదండీ," అంది డాక్టరమ్మ.

"అక్కడి డాక్టరుగారు కూడా చెప్పారండీ. అప్పటికే అలవాటైపోయింది."

"అక్కడి డాక్టరేంటి?"

"మా ఆఫీసు పక్కనున్న ఆయన. పోయిన నెలలో మూడింటి టీకా, రేబీసు టీకా వేయించాను. ఇంటిపట్టున ఉండే పిల్లి అని చెప్పాను."

"దీన్నా, ఇంటిపట్టునా?"

"మా ఇంట్లో ఉన్నంతసేపూ ఇంట్లోనే ఉంటుంది కదండీ."

డాక్టరమ్మ తల పట్టుకుంది. "మీరు ఇవాళ రాకపోతే వేసినవే మళ్ళీ వేసేదాన్ని. గోడ మీద పిల్లి అంటే విన్నాను గానీ ఇప్పుడే చూస్తున్నాను. సరే, ఆ రెండూ వద్దు. లుకేమియా పరీక్ష ఒకటి చేసి, జబ్బు లేకపోతే దాని టీకా వేస్తాను. పట్టుకోండి."

ఆయన పట్టుకున్నాడు. ఒక్క చుక్క రక్తం తీసి చిన్న తెల్లటి పట్టీ మీద వేసింది డాక్టరమ్మ. అందరూ బల్ల చుట్టూ చేరారు. టైలరమ్మ కళ్ళు మూసుకుని మళ్ళీ తెరిచింది. బేకరీ నల్లపిల్లి చివరి రోజుల్లో ఎలా ఉండేదో ఆమె చూసింది. నీళ్ళగిన్నె దాకా నడవలేకపోయేది. ఇన్నాళ్ళూ తనొక్కతే పడుతున్న భయం ఎదుటి మనిషి ముఖంలో కూడా కనిపించింది. అసలు అల్లుడు ఆ పట్టీ మీంచి చూపు తిప్పడం లేదు. ఆమె ఏమీ ఆలోచించకుండా ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆయన విడిపించుకోలేదు.

"ఎన్ని గీతలు రావాలండీ?" అంది వియ్యపురాలు, పిల్లులు గిట్టని మనిషి, అందరికంటే ముందుకు వంగి.

"ఒకటే రావాలి. రెండో గీత రాకూడదు."

"చోద్యం. మా ఇంట్లో రెండోది రావాలనే కదా చూస్తున్నాం."

ఒక గీత వచ్చింది. ఎంత చూసినా ఒకటే. డాక్టరమ్మ ఇంకాసేపు ఆగమని, పట్టీని వెలుతురులో పెట్టి చూసి, "జబ్బు లేదు" అంది. నల్లదానితో తిరిగింది గనక కొన్ని వారాలాగి ఇంకోసారి పరీక్ష చేద్దామనీ, రెండో మోతాదు కూడా అప్పుడే వేద్దామనీ చెప్పి, సూది గుచ్చింది. చారల పిల్లి అసలు అల్లుడి చేతిలో ఒకసారి గింజుకుని ఊరుకుంది. టైలరమ్మ అక్కడే బెంచీ మీద కూలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "బతికాడమ్మా," అంది. "బతికారండీ," అన్నాడు అల్లుడు దాదాపు అదే క్షణంలో.

ఆ ఆదివారం అల్లుడుగారు వస్తున్నట్టు ముందుగా ఫోను చేశారు. రాగానే వెళ్ళి పీట మీద కూర్చున్నారు. రెండు ముద్దలు తిని, కూర బాగుందన్నారు, కాస్సేపాగి చారు కూడా బాగుందన్నారు, తన కంచం తనే తీశారు. టైలరమ్మ మాత్రం తక్కువ తిన్నదా? ఆ వారమంతా కూతురింటికి వెళ్ళాలనిపించినప్పుడల్లా ముందు కబురుచేసింది. వెళ్ళినప్పుడు వంటింటి గుమ్మంలోనే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. పొయ్యి మీద ఏదో మాడు వాసన వచ్చినా సరే, మూత జోలికి పోలేదు.

ఆదివారంనాటి ఆ పీట ఒక కాలు కుంటిది. అల్లుడుగారు పాపం అటూ ఇటూ సర్దుకుంటుంటే చూడలేక, మెత్తటి కుర్చీలోకి మారమని మామగారు బతిమాలాడు. కుర్చీలో చారల పిల్లి ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది, దాన్ని ఏమని పిలిచి లేపాలో మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.